ఐరావతం చూపిన టైము

"పన్నెండింటికి పోలీసులొస్తారు. ఆలోపల నీ స్పానర్లతో ఏం విప్పుకుంటావో విప్పుకో జంబన్నా" అన్నాడు చెన్నకేశవరావు.

"ఇంగా నలభై నిమిషాలుండాది గదప్పా. నలభై నిమిషాల్లో నేను ఇంజను దించి మళ్లా ఎక్కిస్తా" అన్నాడు మా ఆయన, చొక్కా చేతులు మడుచుకుంటూ.

నలభై నిమిషాల్లో ఇంజను దించి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి నాకు తెలుసు, చెన్నకేశవరావుకు తెలియదు. అందుకే ఒక్క క్షణం తగ్గి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు లోపల ఒకటే నవ్వు.

జంబన్న నా భర్త. సిరుగుప్పలో ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్. బండి ఎందుకు మొరాయించిందో వెతుక్కుంటూ పోయి, ఆ బండి వెనకున్న మోసాలు నాలుగైదు బయటపెట్టేసరికి, జనం ఆయన్ను డిటెక్టివ్‌ను చేసి కూర్చోబెట్టారు. నా పేరు సవిత. తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆయన కేసులు నేను రాసిపెడుతుంటాను. ఆయనకు ఒత్తులు రావు, నాకు స్పానర్లు రావు. మా కాపురం ఇట్లా హాయిగా సాగిపోతోంది.

ఇక చెన్నకేశవరావు. బళ్లారిలో 'త్రినేత్ర డిటెక్టివ్స్' అని బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు. మా ఆయన్ను చూస్తే ఆయనకు ఒంటిమీద దురదగుంటాకు రాసినట్టుంటుంది.

మేము నిలబడింది హచ్చొళ్ళిలో హంపయ్య ఇంటి వాకిట్లో. ఆ సాయంత్రమే ఊరమ్మ జాతర. అమ్మవారి వెండిముఖం మెరుగు పెట్టించడానికి బళ్లారి పంపారు. తెల్లవారి ఆరున్నరకు దాన్ని పెట్టెలో పెట్టుకుని హంపయ్య బండి బళ్లారి నుంచి బయలుదేరింది. నడిపింది డ్రైవరు భీమేష్. వెనక సీట్లో పెట్టె పక్కన కూర్చున్నది హంపయ్య అల్లుడు ఉమేశ్. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో, కాలువ వంతెన దగ్గర, ఎనిమిదింపావుకు బండి ఆగిపోయింది. భీమేష్ మెకానిక్కును పిలుచుకురావడానికి నడిచిపోయాడు. తొమ్మిదీ ఇరవై ఐదుకు తిరిగొచ్చి తాళంచెవి తిప్పితే, ఏ రోగమూ లేనట్టు బండి ఒక్క తిప్పుకే లేచింది. పెట్టె మాత్రం ఖాళీ.

సాయంత్రం ఐదుకు అమ్మవారు పల్లకీ ఎక్కాలి. ముఖం లేదు. జాతర కమిటీ పెద్ద కూడా హంపయ్యే కాబట్టి, పరువంతా ఆయన నెత్తిన పడింది. ఏదో కేసు మీద సిరుగుప్పకు వచ్చి ఉన్న చెన్నకేశవరావును ఆదరాబాదరాగా పిలిపించాడు. ఆయన వచ్చిన పావుగంటలోనే దొంగ భీమేషే అని తేల్చేశాడు.

భీమేష్ నా శిష్యుడు. ఏడో తరగతిలో లెక్కలు తప్పితే, తానే వచ్చి 'తప్పు చేసినా టీచర్' అని చెయ్యి చాపే పిల్లవాడు. వాడి పెళ్లాం ఆశ ఏడుస్తూ ఫోన్ చేయగానే మేమిద్దరం స్కూటరెక్కాం. ఇప్పుడు వాడు వడ్ల మూటమీద తలొంచుకుని కూర్చున్నాడు. చెరో పక్కా ఇద్దరు మనుషులు కాపలా. ఇంకో నలభై నిమిషాల్లో ఏదో ఒకటి తేలకపోతే, జాతరనాడు ఊరంతా చూస్తుండగా వాడు జీపెక్కాలి.

"నీ లెక్క ఏందో చెప్పప్పా ముందు" అన్నాడు మా ఆయన చెన్నకేశవరావుతో.

"సింపుల్. బండి చెడిపోలేదు. చెడినట్టు నాటకం ఆడాడు. పదిన్నరకు నేనే స్టార్ట్ చేశాను, ఫస్ట్ అటెంప్ట్‌లో స్టార్ట్ అయింది. చెడిపోయిన బండి తనంతట తాను బాగవుతుందా? ఉమేశ్ గారు ఎనిమిదిన్నరకు కాలువ గట్టుకు వెళ్లారు. రెండే నిమిషాలు. వెళ్లేముందు అద్దాలన్నీ ఎత్తి, రిమోట్‌తో లాక్ చేశారు. తిరిగొచ్చేసరికి లాక్ లాక్ చేసినట్టే ఉంది. అద్దం పగల్లేదు. అంటే తాళంచెవి ఉన్నవాడే తీశాడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఈ భీమేష్ జేబులో. చెరకుతోటలో దాక్కుని, పని ముగించుకుని, ఆ తర్వాతే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు."

"బలే చెప్పినావప్పా" అన్నాడు మా ఆయన నిజంగానే మెచ్చుకుంటూ. "ఒక చిన్న మాట. బానెట్ ఎత్తి చూసినావా?"

"నేను డిటెక్టివ్‌ని. మెకానిక్‌ని కాదు."

"అదే కదా తేడా" అని, మా ఆయన పోయి భీమేష్ ముందర నేలమీదనే గొంతుక్కూర్చున్నాడు. పోలీసులు అడిగినట్టు అడగలేదు. జ్వరమొచ్చినవాణ్ని డాక్టరు అడిగినట్టు అడిగాడు.

"ఐరావతానికి ఎన్నేండ్లు రా?"

ఐరావతమంటే ఆ బండే. పద్దెనిమిదేళ్ల నాటి తెల్ల ఎస్‌యూవీ. హంపయ్య దానికి ఆ పేరు పెట్టి, ప్రతి దసరాకూ దాని నుదుట గంధం పూస్తాడు.

"పద్దెనిమిది సార్."

"ఆగేదానికి ముందు ఏం చేసింది?"

"వంతెన మింద స్పీడ్ బ్రేకరుండాది గదా సార్, ఆడ స్లో చేసినా. మీటర్ల లైట్లన్నీ ఒకేసారి మిణుకుమిణుకుమన్యాయి. ఇంజన్ ఆగిపాయ. మళ్లా తాళంచెవి తిప్పితే టక్ అని కూడా అనలే. లైట్ల స్విచ్ వేసినా, వైపర్ వేసినా, ఆరన్ కొట్టినా. ఏదీ రాల్యా. సచ్చిన శవం సార్."

"ఇది ఈ దినం మొదులా, ముందుగూడ ఉండ్యా?"

"మూడు నెలలనుంచి ఏదో ఒగటి. ఒక దినం జోరుగుంటాది, ఒక దినం సెల్ఫ్ తిరగదు."

"రాత్రి లైట్లు వేస్తే ఇంజను వేడి ముల్లు పైకి లేస్తాందా?"

భీమేష్ మొదటిసారి తలెత్తాడు. "అవు సార్! లైట్లు వేస్తే లేస్తాది, ఆర్పితే దిగుతాది. నీకెట్ల తెలుసు సార్?"

"ఎడమపక్క ఇండికేటర్ వేస్తే ముందర చిన్న లైట్లుగూడ దాంతోపాటు కొట్టుకుంటాండాయా?"

"అవు సార్!"

"మొబైల్ చార్జింగు?"

"ఎక్కదు సార్. అందుకే నా ఫోను దారిలోనే సచ్చిపాయ. లేకుంటే వంతెనకాడ నుంచే హంపయ్యన్నకు ఫోన్ చేసుండనా?"

మా ఆయన మొహం విచ్చుకుంది. రోగం దొరికితే ఆయనకు పండగే. లేచి హంపయ్య వైపు తిరిగాడు.

"హంపయ్యా, ఈ మూడు నెలల్లో ఏమేం మార్పించినావప్పా?"

హంపయ్య వేళ్లు మడిచాడు. "కొత్త బ్యాటరీ. సెల్ఫ్ మోటరు వైండింగు. ఆల్టర్నేటరు. ముగ్గురు మెకానిక్కులు చూసినారు. ఒక్కొక్కడు ఒక్కొక్కటి మార్చినాడు."

"ముగ్గురూ మార్చల్సినవన్నీ మార్చినారు. చూడల్సినది మాత్రం ఎవురూ చూడల్యా" అన్నాడు మా ఆయన.

చెన్నకేశవరావు వాచీ చూసుకున్నాడు. "పదకొండూ ముప్పై. టైమ్ పాస్ బాగుంది."

"సుమ్నె, ఊరకే ఉండప్పా కొంచెంసేపు. ఉమేశూ, ఇట్ల రా."

ఉమేశ్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా. అప్పటికే చంకల కింద తడిసింది. మామగారి ముందర ఎటు నిలబడాలో తెలియక ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగాడు.

"భీమేష్ పోయినాక నువ్వు ఏం చేసినావు?"

"బండిలోనే కూచుంటి. ఎనిమిదిన్నరకు గట్టుకు పోయి రెండు నిమిషాల్లో వచ్చేస్తి."

"పోయేటప్పుడు అద్దాలు ఎత్తినావా?"

"నాలుగూ ఎత్తినా. రిమోట్ నొక్కితే కుయ్యిమని లాక్ కూడా పడింది."

"ఆ శబ్దం చెవులారా విన్నావు?"

"విన్నా అన్నా. దేవుని సాక్షిగా."

"దేవుణ్ని ఎందుకు నడుమ లాగుతావు, ఆమె అసలే కనపడకుండా పోయిండాది" అని మా ఆయన బండి తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళంచెవి ఒక మెట్టు తిప్పాడు. మీటర్లు వెలిగాయి. ఆయన చూపు వాటి నడుమ ఉన్న చిన్న పచ్చ అంకెల మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"టీచరమ్మా" అని పిలిచాడు. ఉషారు వచ్చినప్పుడే ఆయన నన్ను అట్లా పిలుస్తాడు. "టైమెంత?"

నా వాచీ చూసుకున్నాను. "పదకొండూ ముప్పై ఐదు."

"ఈడ రెండు నలభై ఏడు ఉండాది."

"పాత బండి. గడియారం తప్పు చూపిస్తుంది. అదీ ఒక క్లూయేనా?" అన్నాడు చెన్నకేశవరావు.

హంపయ్యకు రోషమొచ్చింది. "తప్పు చూపియ్యదు సార్! దినామూ ఏడుంబావు వార్తలకు నేనే సరిచేస్తా. నిన్న రాత్రి బండి బళ్లారికి పోయేముందు గూడ కరెక్టుగా ఉండ్య."

మా ఆయన బండి దిగి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు. "ఈ గడియారానికి బ్యాటరీ కరెంటు పోతే మతి పోతాది. మళ్లా కరెంటు వస్తే పన్నెండు నుంచి మొదులుపెడతాది. ఇప్పుడు రెండూ నలభై ఏడు అంటాండాది. అంటే కరెంటు తిరిగొచ్చి రెండు గంటల నలభై ఏడు నిమిషాలాయ. టీచరమ్మా, తీసెయ్."

పదకొండూ ముప్పై ఐదులోంచి తీసేశాను. "ఎనిమిదీ నలభై ఎనిమిది."

"ఎనిమిదింపావుకు సచ్చిన కరెంటు ఎనిమిదీ నలభై ఎనిమిదికి బతికింది. నడుమ ముప్పై మూడు నిమిషాలు బండిలో కరెంటే లేదు. ఉమేశూ, కరెంటు లేని బండిలో ఎనిమిదిన్నరకు అద్దాలు ఎవురప్పా ఎత్తినారు? కుయ్యిమని అరిచింది ఎవురు? నువ్వేనా?"

కాపలా ఉన్న ఇద్దరిలో ఒకడు పక్కుమన్నాడు. ఉమేశ్ మామగారి వైపు చూశాడు. చూసి, ఇక చెప్పక తప్పదని కూలబడ్డాడు.

"తప్పయిపాయ మామా. క్రికెట్ మ్యాచ్ ఉండ్య. వంతెనకాడ నా సిమ్ముకు సిగ్నల్ లేదు. తాళంచెవి తిప్పినట్టే బండికి ఇడిసి, అవతల టీ హోటలు కాడికి పోయి హోటలాయన ఫోనులో చూస్తి. తొమ్మిదీ పదికి వస్తి. వచ్చేసరికి బండి లైట్లు వెలుగుతాండాయి, వైపర్లు ఊగుతాండాయి, రేడియో పాడతాంది. భయమేసి అన్నీ ఆర్పి, అద్దాలు ఎత్తి, లాక్ చేస్తి. పెట్టె తెరిచి చూడల్యా. అమ్మ మీద ఒట్టు."

"దాదాపు గంటసేపు అమ్మను రోడ్డుమింద ఇడిసిపెట్టి మ్యాచ్ చూసినావా!" అన్నాడు హంపయ్య. ఆ గొంతుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

చెన్నకేశవరావు అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. "అద్దాలు తెరిచే ఉన్నాయంటే భీమేష్‌కు ఇంకా సులువు. లైట్లు ఎనిమిదీ నలభై ఎనిమిదికి ఎందుకు వెలిగాయి? తాను ఊడదీసిన వైరు తానే పెట్టాడు కాబట్టి!"

"హంపయ్యా, బండి ఆగిందని నీకు ఎప్పుడు తెలిసింది?"

హంపయ్య ఫోను తీసి చూశాడు. "మూడు కిలోమీటర్ల అవతల క్రాసు కాడ సిద్ధేశ్ గ్యారేజి ఉండాది. వాని ఫోను నుంచి భీమేషే చేసినాడు. ఎనిమిదీ నలభై ఏడు. సిద్ధేశ్ గూడ మాట్లాడినాడు. రెండు నిమిషాల కాల్."

"ఎనిమిదీ నలభై ఏడు నుంచి నలభై తొమ్మిది దాకా సిద్ధేశ్ పక్కన నిలబడి నీతో మాట్లాడినోడు, ఎనిమిదీ నలభై ఎనిమిదికి వంతెనకాడ వైరు ఎట్ల పెడతాడప్పా?"

భీమేష్ మూటమీద నుంచి సగం లేచాడు. కాపలావాళ్లు ఆపలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ చెన్నకేశవరావు ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు.

"మనిషిని పెట్టుకుని ఉండొచ్చు. బండి నిజంగా చెడిందని చూపించు. అప్పుడు ఒప్పుకుంటాను. ఎందుకు ఆగింది, ఎవరూ ముట్టకుండా ఎందుకు బాగైంది?"

"న్యాయమైన మాట" అన్నాడు మా ఆయన.

బానెట్ లేచింది. మా ఆయన కరెంటు కొలిచే మీటరు తీసి, దాని ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకో పుల్ల బండి ఇనుప చట్రం, అదే ఛాసిస్ మీద ఆనించి, భీమేష్‌ను లైట్లు వేయమన్నాడు.

"సున్నా ఉండల్ల. రెండున్నర చూపిస్తాండాది. చూడు సార్, కళ్లజోడు పెట్టుకునే చూడు." చెన్నకేశవరావు వంగి చూశాడు. "బ్యాటరీ నుంచి పోయిన కరెంటు పని చేసి మళ్లా బ్యాటరీకి వాపసు రావల్ల. ఆ వాపసు దారినే ఎర్త్ అంటాం. పోయే దారిలో ముగ్గురు మెకానిక్కులు అన్నీ కొత్తవి ఏసినారు. వచ్చే దారి మూసుకుపోయిండాది."

బ్యాటరీ మైనస్ నుంచి నల్లతీగ కిందికి దిగి, ముందర బంపరు లోపల ఛాసిస్‌కు ఒక బోల్టుతో బిగించి ఉంది. మా ఆయన నేలమీద వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. తర్వాత కిందినుంచి ఆయన నవ్వు వినిపించింది.

"ఈడ ఎవురూ చెయ్యి పెట్టలేదంటే పెట్టరు మరి! హంపయ్యా, దిష్టి నిమ్మకాయ ఎవురు కట్టేది?"

బంపరు కింద ఇనుపతీగకు గుచ్చిన నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. మా పక్క ఒకరు కట్టిన దిష్టి నిమ్మకాయను ఇంకొకరు ముట్టరు. వాళ్ల దిష్టి మనకు తగులుతుందని భయం. ముగ్గురు మెకానిక్కులు బండినంతా ఊడదీసి బిగించారు, ఆ మూలకు మాత్రం చెయ్యి పోనివ్వలేదు. మా ఆయన కూడా ముట్టలేదు. అట్లాగే పడుకుని అడిగాడు.

"నేనే కట్టేది నాయనా" అంటూ లోపల్నుంచి హంపయ్య తల్లి సుంకలమ్మ వచ్చింది. డెబ్బై ఐదేళ్ల మనిషి. కంటికి ఆపరేషన్ అయింది. "అమాస అమాసకూ కడతా. ముందర ఇనుప బంపరుండ్య, దానికి కడ్తాంటి. పోయినేడు ప్లాస్టిక్‌ది ఏసినారు. తీగ నిలబడల్యా. కింద తడిమితే ఒక బోల్టు చేతికి తగిల్యా. దానికి చుట్టి పెట్టినా."

"నీ చేత్తోనే తీసియ్యవ్వా."

ఆమె వంగి, తడిమి, తీగను మెలితిప్పి తీసింది. దాంతోపాటు పచ్చగా, తెల్లగా బూజు లాంటి పొడి రాలింది. మా ఆయన బోల్టును వేలితో ఆడించాడు. అది లొడలొడమంది. ఏడాదిగా నిమ్మపులుసు కారి, నల్లతీగ కొస తినేసింది. నెలనెలా పాత తీగ పీకి కొత్తది బిగించే పెనుగులాటలో బోల్టు వదులైంది. కుదుపుకు ఒకసారి ఆనేది, ఇంకో కుదుపుకు వదిలేది. ఐరావతానికి ఉన్న రోగమంతా అదే.

సుంకలమ్మకు విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతిలోని నిమ్మకాయ వైపు చూసింది. భీమేష్ వైపు చూసింది.

"అంటే నేను కట్టిన నిమ్మకాయే పిల్లోన్ని పట్టిచ్చిందా?"

భీమేష్ కాదన్నట్టు తలాడించాడు.

"బండికని కట్టల్యా రా భీమేషూ" అంది. "ఇనుముకు దిష్టేంది? నెలలో ఇరవై దినాలు రోడ్లమింద ఉంటావని నీకని కట్టినా."

భీమేష్ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఎంతమంది దొంగా అన్నా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడం ఎందుకు.

"బండి నిజంగానే ఆగింది. ఒప్పుకుంటున్నా" అన్నాడు చెన్నకేశవరావు. గొంతులో పదును తగ్గింది. "కానీ ముఖం ఏది? ఎవరూ కదిలించని బండికి ఎనిమిదీ నలభై ఎనిమిదికి కరెంటు ఎట్లా వచ్చింది?"

"ఎవురో కొట్టినారు" అన్నాడు మా ఆయన, ఇంకా బండి కిందనుంచే. "గట్టిగా. ఈ బోల్టు పక్కనే. ఈడ లాగుడు కొక్కెముండాది చూడు, దానిమింద. చీమలు పట్టిండాయి. టీచరమ్మా, ఇదేందో చూడు."

ఆయన అందించింది పీచు. దానికి అంటుకుని గోరంత తెల్ల కొబ్బరి ముక్క. ఎండకు ఇంకా పూర్తిగా ఎండలేదు.

ఈ పక్క దారిలో బండి ఆగితే టెంకాయ కొట్టనివాళ్లు లేరు. కానీ కొట్టింది భీమేష్ కాదు, ఉమేశ్ కాదు. నేను గబగబా పోయి వెనక సీట్లోని పెట్టె మూత ఎత్తాను. చెన్నకేశవరావు నా వెనకాలే వచ్చాడు.

"నేను చూశాను. ఖాళీ. అవేవో పూజ సామాను."

ఎర్రగుడ్డ మీద ఒక తమలపాకు. దానిమీద వక్క. పక్కన, తడి మట్టి ఇంకా వేళ్లకు అంటుకుని ఉన్న ఒక గుప్పెడు వరినారు.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. బడిలో ఇట్లా నవ్వుంటే హెడ్మాస్టరు మెమో ఇచ్చేవాడు.

"రావుగారూ, దొంగతనం చేసి తమలపాకు పెట్టిపోయే దొంగను ఎప్పుడైనా చూశారా? అమ్మవారిని ఒకచోటి నుంచి ఎత్తితే ఆ చోటు ఖాళీగా వదలరు. ఆకు, వక్క, చేతిలో ఏ పచ్చనిది ఉంటే అది పెడతారు. ఈ చేతుల్లో నారు ఉంది. కాలువ కింద ఇప్పుడు నాట్లు వేసే ఆడవాళ్లు తప్ప ఎవరుంటారు?"

"వాళ్లు ఎందుకు ఎత్తుకుపోతారు?" అన్నాడాయన.

"ఎత్తుకుపోలే సార్" అన్నాడు మా ఆయన బట్టలు దులుపుకుంటూ. "పిలుచుకుపోయినారు. అమ్మ ఎక్కిన బండి దారిలో ఆగితే, ఈడ జనం ఏమనుకుంటారు? ఆమెకు బండి ఇష్టం లేదు, నడిచి వస్తానంటాందని. రోడ్డు మీద వచ్చుంటే మీరు చూసుండేవాళ్లు. కాలువ గట్టున వస్తాంటారు. దాక్కోని కాదు, పాడుకుంటా. పది నిమిషాలియ్యండి, బోల్టు బిగిస్తా."

గరుకు కాగితంతో తీగ కొసను, ఛాసిస్‌ను రుద్ది, కొత్త వాషరు వేసి బిగించాడు. మీటరు పెడితే సున్నా. భీమేష్ లైట్లు వేశాడు. ఎండలో కూడా తెల్లగా కనిపించాయి. హార్న్ కొడితే వీధి చివరున్న ఎద్దులు బెదిరాయి. హంపయ్య ఐరావతాన్ని తట్టి, కళ్లొత్తుకున్నాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా అందరం బండెక్కాం. నడిపింది భీమేషే. పక్కన మా ఆయన. వెనక సుంకలమ్మ, నేను, హంపయ్య. అన్నిటికన్నా వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఉమేశ్, చెన్నకేశవరావు. గట్టు గుంతల్లో రావుగారి తల నాలుగుసార్లు టాపుకు తగిలింది. నేను లెక్కపెట్టాను.

మూడో తూము దాటామో లేదో, పాట, నడుమనడుమ అమ్మవారికి జేజేలు వినిపించాయి.

"ఊరమ్మా ఉధో! ఉధో!"

ఏడుగురు ఆడవాళ్లు. చీరలు మోకాళ్లదాకా బురద. ముందు నడిచే ఆమె నెత్తిన గంప, గంపలో వేపాకులు, వేపాకుల నడుమ మెరుగు పెట్టిన వెండిముఖం ధగధగలాడుతోంది. ప్రతి మడి దగ్గరా పనివాళ్లు పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్లమీద చెంబుడు నీళ్లు పోస్తున్నారు. మూడు గంటల్లో ఐదు కిలోమీటర్లే ఎందుకు నడిచారో అప్పుడు తెలిసింది.

"ఎవురమ్మా మీరు? మాకు ఒక ఫోన్ చేయకూడదా?" అంటూ హంపయ్య పరిగెత్తాడు.

"నాపేరు దురుగమ్మ. మాది ఎమ్మిగనూరు. నాట్లకు వచ్చినాం" అంది ఆమె, మెడ కదల్చకుండా. "అమ్మ నెత్తిమింద ఉండంగ ఫోన్ మాట్లాడతారా ఎవురన్నా? బండికాడ మనిషి లేడు. తలుపు తెరిసి ఉండాది. లోపల పెట్టె మూత ఎత్తి చూస్తే అమ్మ! రోడ్డు పాలు చేసి పోయినారే అని మా కడుపు కాలిపాయ. నాట్ల పూజకు తెచ్చిన టెంకాయ పట్టుకోని, అమ్మా, మాతో నడిచి వస్తావా, వస్తే ఒక గుర్తు చూపించు అని మొక్కి, బండి ముందర కొట్టినా. కొట్టిన కొట్టుకు బండికి రెండు కండ్లూ వెలిగ్యాయి! పాట వచ్చ్య! ఆ అద్దం ముందర రెండు కడ్డీలు లేచి, రా రా అని పిలిచ్యాయి! ఇంగేం గుర్తు కావల్లప్పా?"

చెన్నకేశవరావు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గంప వైపు చూసి దండం పెట్టాడు. బోల్టు సంగతి ఆయన ఆ ఏడుగురికీ చెప్పలేదు, అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా.

"గంప ఇటియ్యమ్మా, బండిలో పెట్టుకోని పోదాం. పల్లకి టైమయితాది" అన్నాడు హంపయ్య.

"బండి ఎక్కదు. నడిచే వస్తాది" అంది దురుగమ్మ.

"అవు. నడిచే వస్తాది" అంది సుంకలమ్మ, చెప్పులు విడుస్తూ. హంపయ్యా విడిచాడు. ఉమేశ్ అందరికంటే ముందే విడిచాడు. చెన్నకేశవరావు బూట్లు విప్పుతుండగా ఆయన ఫోను మోగింది. పోలీసులు. నిందితుడు ఎక్కడ అని అడిగినట్టున్నారు. హంపయ్య ఫోను లాక్కుని, "దొంగ లేడు సార్, గింగ లేడు. జాతరకు రాండి. భోజనం మా ఇంట్లోనే" అని చెప్పి పెట్టేశాడు.

"దీపాలు పెట్టిపోయినోడు ఎవురు?" అని అడిగింది దురుగమ్మ.

స్విచ్చులన్నీ వేసి ఆర్పడం మరిచిపోయినవాడు ఎవరో అందరికీ తెలుసు. అందరి చేతులూ అటే చూపించాయి.

"దీపం చూపినోడే ముందర నడవల్ల. రాప్పా, ఏంటికి అంత దూరముండావు?"

పొద్దున్నుంచి దొంగగా కూర్చున్నవాడు అమ్మవారికి ముందు నిలబడ్డాడు. ఏమి చేయాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకున్నాడు. ఉండబట్టలేక ఆశకు ఫోన్ చేసి, "నీ మొగుడు జాతర ముందర నడుస్తాండాడు, బేగ రా" అని చెప్పాను.

మా ఆయన ఐరావతం స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం లైట్లు వేసి, మొదటి గేరులో వెనకాలే రావడానికి సిద్ధమయ్యాడు. అంతలో సుంకలమ్మ కొంగు ముడి విప్పి ఒక కొత్త నిమ్మకాయ తీసింది. మా ఆయన గాబరాగా బండి దిగబోయాడు.

ఆమె బండి వైపు రానేలేదు. తిన్నగా భీమేష్ దగ్గరికి పోయి, ఆ నిమ్మకాయను వాడి చొక్కా జేబులో పెట్టి, పైనుంచి రెండుసార్లు తట్టింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి అడిగింది.

"ఈడ పెడితే ఏ కరెంటూ పోదు గదా నాయనా?"